మాత్ర చేతికందింది, కడుపులోకి ఎందుకు వెళ్ళలేదు?

(విశాఖపట్నంలో ఆశా కార్యకర్తలు, ఏఎన్‌ఎంలు, అంగన్‌వాడీ సిబ్బంది, నర్సింగ్ విద్యార్థినుల ముందు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. మీ సంచుల్లో ఉన్న ఎర్ర మాత్రల అట్ట ఒకటి బయటికి తీసి చేత్తో పట్టుకోండమ్మా. ఈ పూట మనం చాలాసేపు దీని వెనకే నడవాలి.

ఒక్కో మాత్రలో 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఉన్నాయి. మొదటి మూడు నెలలూ ఫోలిక్ యాసిడ్ ఒక్కటే ఇస్తాం. నాలుగో నెల నుంచి ఈ ఎర్ర మాత్ర రోజుకొకటి, 180 రోజులు. కాన్పయ్యాక మరో 180 రోజులు. 2018లో అనీమియా ముక్త్ భారత్, అంటే రక్తహీనత లేని భారతదేశం, పేరుతో ఈ పనిని మళ్ళీ పట్టాలెక్కించారు. మాత్ర ఉచితం, ఇంటికే వస్తుంది. ఎందుకు వేసుకోవాలో అడిగితే "రక్తం పట్టడానికండి" అని చాలామంది ఠక్కున చెబుతారు. అయినా 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశంలోని గర్భిణుల్లో సగం మందికి రక్తహీనత ఉంది. 2019-21 సర్వేలోనూ సగానికి పైమాటే.

తెలియక వేసుకోవడం లేదనుకుంటే ఇంకో కరపత్రం అచ్చేసి ఊరుకుంటాం. నేనలా అనుకోవడం లేదు. తెలియడానికీ చేయడానికీ మధ్య ఒక ఇల్లుంది. ఆ ఇంట్లో అత్తగారు, భర్త, వంటిల్లు, నీళ్ళ బిందె, మర్నాటి కూలి అన్నీ ఉన్నాయి. గర్భిణి ఏం తింటుంది, ఎప్పుడు పడుకుంటుంది, ఏ నెలలో ఆసుపత్రి గడప తొక్కుతుంది అన్నది ఆ ఇల్లు తేలుస్తుంది. కాబట్టి గర్భిణికి చెప్పి వచ్చేస్తే సగం పనే అయినట్టు.

ముందు మాత్ర సంగతి చూద్దాం. మీరు అట్ట ఇచ్చి వెళ్ళారు. ఆమె మర్నాడు పరగడుపున వేసుకుంది, కడుపులో తిప్పింది. రెండో రోజు వాంతి. మూడో రోజు విరేచనం నల్లగా వచ్చింది, గుండె జారిపోయింది. పక్కింటావిడ "అవి వేసుకుంటే బిడ్డ నల్లగా పుడతాడంట" అంది. నాలుగో రోజుకి అట్ట ఫ్రిజ్ మీదికెక్కింది. ఇందులో మొండితనం ఎక్కడుంది? ముందుగా చెప్పాల్సిన నాలుగు మాటలు చెప్పకపోవడం తప్పితే.

ఆ నాలుగు మాటలు ఇవి. మాత్ర రాత్రి పూట, భోజనమైన రెండు గంటలకు, పడుకునే ముందు వేసుకోమనండి. వికారం నిద్రలో గడిచిపోతుంది. అప్పటికీ పడకపోతే అన్నం తిన్న వెంటనే వేసుకోమనండి. ఒంటికి పట్టేది కొంత తగ్గుతుంది నిజమే, కానీ డబ్బాలో పడి ఉన్న మాత్ర కంటే కడుపులో పడ్డ మాత్ర నయం. నిమ్మకాయ నీళ్ళతో గానీ, ఉసిరికాయ ముక్క తిని గానీ వేసుకుంటే ఇనుము బాగా పడుతుంది. టీ, కాఫీ మాత్రం దానికి ముందో గంట, వెనకో గంట ముట్టకూడదు. టీలో ఉండే పదార్థాలు ఇనుమును పట్టేసి ఒంట్లోకి పోనివ్వవు. ఇక నల్ల విరేచనం: ఒంటికి పట్టగా మిగిలిన ఇనుము అలా బయటికి పోతుంది. మాత్ర వేసుకుంటున్నట్టు అదే మనకు సాక్ష్యం. బిడ్డ రంగు తల్లిదండ్రుల నుంచి వస్తుంది, మాత్ర నుంచి రాదు. ఈ చివరి మాట గర్భిణికి చెప్పి లాభం లేదు, ఇంట్లో పెద్దావిడకు చెప్పండి.

తరచూ జరిగే ఇంకో పొరపాటు, కాల్షియం మాత్రనూ ఎర్ర మాత్రనూ కలిపి మింగడం. ఒకేసారి రెండూ అయిపోతాయి కదా అని. కాల్షియం పక్కన ఉంటే ఇనుము సరిగ్గా పట్టదు, కనీసం రెండు గంటల తేడా ఉండాలి. 500 మిల్లీగ్రాముల కాల్షియం మాత్రలు 14 వారాల నుంచి రోజుకు రెండు, అన్నంతో పాటు. కాబట్టి చిట్టీ మీద ఇలా రాసివ్వండి: పొద్దున టిఫిన్‌తో తెల్ల మాత్ర, మధ్యాహ్నం అన్నంతో తెల్ల మాత్ర, రాత్రి గిన్నెలు కడిగి తలుపు గడియ పెట్టాక ఎర్ర మాత్ర. గడియారం చూసి వేసుకోమంటే మరిచిపోతారు. తలుపు గడియ పెట్టడం ఎవరూ మరిచిపోరు. రోజూ చేసే పనికి ముడిపెడితే అలవాటు త్వరగా కుదురుతుంది.

వేసుకుంటోందో లేదో తెలుసుకోవాలంటే "వేసుకుంటున్నావా?" అని అడగకండి. ఎవరైనా ఔననే అంటారు. "ఈ వారంలో ఎన్ని రోజులు తప్పాయమ్మా?" అనండి. తప్పడం సహజమేనని మీరే ఒప్పుకున్నట్టవుతుంది, ఆమె నిజం చెబుతుంది. అట్ట తెమ్మని ఖాళీ గళ్ళు కూడా లెక్కపెట్టండి.

హిమోగ్లోబిన్ 11 కంటే తక్కువుంటే రక్తహీనత. 7 నుంచి 10.9 మధ్య ఉంటే రోజుకు రెండు ఎర్ర మాత్రలు. 7 లోపుంటే మాత్రలతో సరిపెట్టకుండా పెద్దాసుపత్రికి పంపాలి, చివరి మూడు నెలల్లో అలా ఉంటే చేర్చుకోవాల్సిందే. నెల రోజులు వాడినా ఒక్క గ్రాము కూడా పెరగలేదంటే నాలుగు అనుమానాలు రావాలి: అసలు వేసుకుంటోందా? నాలుగో నెల దాటాక ఒక్కసారి ఇవ్వాల్సిన 400 మిల్లీగ్రాముల ఆల్బెండజోల్, అదే నులిపురుగుల మందు, వేశామా? టీతో గానీ కాల్షియంతో గానీ కలిపేస్తోందా? రక్తంలోనే పుట్టుకతో వచ్చిన తేడా ఉందా? పాడేరు, అరకు వైపు నుంచి కూలి పనులకు వచ్చి నగరంలో ఉంటున్న గిరిజన కుటుంబాల్లో సికిల్ సెల్, అంటే ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంకరపోయే జబ్బు, పరీక్ష తప్పకుండా చేయించండి.

ఇక కంచం దగ్గరికి వద్దాం. మాత్ర కంటే కంచం మనకు ఎక్కువ కథ చెబుతుంది.

చాలా ఇళ్ళల్లో కోడలు అందరి కంటే చివర తింటుంది. అప్పటికి గిన్నెలో అన్నం ఉంటుంది, చారు ఉంటుంది, కూర అడుగంటి ఉంటుంది, గుడ్డు ఉండదు. ఆమెకు పోషకాహారం గురించి ఎన్ని బొమ్మలు చూపించినా, ఆ వరసలో చివర కూర్చున్నంత కాలం ఫలితం ఉండదు. అందుకే ఇంటికెళ్ళినప్పుడు నేను అడగమనేది ఒక్క ప్రశ్న: "నిన్న రాత్రి మీ ఇంట్లో ఎవరు ముందు తిన్నారు, నీ కంచంలో ఏముంది?" జవాబు అత్తగారి ఎదుటే వస్తే ఇంకా మంచిది. తప్పు పట్టినట్టు కాకుండా, "కడుపుతో ఉన్నది కదండీ, మీ చేత్తో ముందు ఆమెకు పక్కన తీసి పెట్టండి" అనండి. బాధ్యత తన చేతికి వచ్చిన పెద్దావిడ సాయం చేస్తుంది. ఆవిడను పక్కన పెట్టి మాట్లాడితే అడ్డుపడుతుంది.

అదనంగా ఎంత తినాలి? హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం గర్భిణికి రోజుకు అదనంగా 350 కిలో కేలరీలు చాలు. మాంసకృత్తులు నాలుగు నుంచి ఆరు నెలల్లో రోజుకు సుమారు 9.5 గ్రాములు, ఏడో నెల నుంచి 22 గ్రాములు ఎక్కువ కావాలి. "రెండు ప్రాణాలు, రెండింతలు తిను" అని అన్నం రెట్టింపు పెట్టేవాళ్ళకు ఈ లెక్క చూపించండి: ఒక గ్లాసు పాలు, ఒక గుడ్డు, ఒక గుప్పెడు అంటే 30 గ్రాముల వేరుశనగ పలుకులు. మూడూ కలిపితే సుమారు 370 కేలరీలు, 20 గ్రాముల మాంసకృత్తులు. అదనపు తిండంటే ఇంతే. అన్నం కుప్ప పెంచితే బరువూ చక్కెరా పెరుగుతాయి, బిడ్డకు కావలసింది అందదు. కంచంలో సగం కూరా ఆకుకూరా, పావు అన్నం, మిగతా పావు పప్పు, గుడ్డు, చేప వీటిలో ఏదైనా.

మన ఉత్తరాంధ్ర వంటింట్లోనే బలమైన సరుకుంది. 100 గ్రాముల చోళ్ళలో, అదే రాగుల్లో, సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. పొద్దున్నే చోడి అంబలి తాగే ఇల్లు ఆ అలవాటు మానకుండా చూడండి. కొత్తగా డబ్బాల్లో వచ్చే పొడులు కొనలేకపోయామని బాధపడే కుటుంబాలకు ఈ మాట గట్టిగా చెప్పండి. తోటకూర, పొన్నగంటి, మునగాకు మన రైతుబజార్లలో ఎప్పుడూ దొరికేవే. అంగన్‌వాడీ ఇచ్చే సరుకు ఇంటిల్లిపాదీ పంచుకుంటుంటే కోపం తెచ్చుకోకండి, ఆ ఇంట్లో కొరత ఉందని అర్థం. పాలూ గుడ్డూ మాత్రం ఆమె అక్కడికక్కడే తీసుకునేలా చూడండి.

చేపల గురించి కాస్త నిలబడి మాట్లాడాలి, సముద్రం ఒడ్డున ఉన్నాం కాబట్టి. "చేప వేడి" అని మాన్పించేవాళ్ళున్నారు. "చేప తింటే కళ్ళు బాగుంటాయి" అని ఏది పడితే అది పెట్టేవాళ్ళూ ఉన్నారు. కవళ్ళు, కానాగంతలు, నెత్తళ్ళు లాంటి చిన్న చేపలు చాలా మంచివి. బిడ్డ మెదడుకు కావలసిన కొవ్వు వాటిలో ఉంటుంది, ధరా తక్కువే. వారానికి రెండు మూడు సార్లు, ఒక్కోసారి 100 గ్రాముల చొప్పున తినొచ్చు. సొర, కొమ్ముకోనం లాంటి పెద్ద చేపలు మాత్రం కడుపుతో ఉన్నన్నాళ్ళూ, పాలిచ్చినన్నాళ్ళూ వద్దు. పెద్ద చేప చిన్న చేపలను తిని బతుకుతుంది, వాటిలోని పాదరసం అంతా దాని ఒంట్లో ఏళ్ళ తరబడి పేరుకుంటుంది. అది గర్భంలోని బిడ్డ మెదడుకు హాని చేస్తుంది. బాలింతకు పాలు పడతాయని సొర పుట్టు పెట్టే ఇళ్ళల్లో కూడా ఇదే జాగ్రత్త చెప్పి, బదులుగా చిన్న చేపల కూర పెట్టమనండి. ఎండు చేపల్లో ఉప్పు ఎక్కువ. బీపీ ఉన్నవాళ్ళకు వద్దు, లేనివాళ్ళు అప్పుడప్పుడూ నానబెట్టి బాగా కడిగి వండుకోవాలి.

నమ్మకాలన్నిటితోనూ యుద్ధం చేయకండి. కుంకుమపువ్వు పాలు తాగితే బిడ్డ ఎర్రగా పుడతాడనుకుంటే అనుకోనివ్వండి, పాలు లోపలికి వెళుతున్నాయి కదా. గ్రహణం రోజు ఇంట్లో ఉంటే నష్టం లేదు, కానీ ఆ గంటలన్నీ నీళ్ళు కూడా తాగకుండా ఉండటం తప్పు. పచ్చి బొప్పాయి మానడం మంచిదే, దాని పాలకు గర్భసంచిని బిగించే గుణం ఉంది. బాగా పండినది కాస్త తింటే భయం లేదు. కార్తీక మాసపు ఉపవాసాలు చక్కెర ఉన్న గర్భిణి చేయకూడదు. మనం పట్టుబట్టి మాన్పించాల్సినది ఒకటుంది: "ఎక్కువ తింటే బిడ్డ పెద్దదై కాన్పు కష్టమవుతుంది, తక్కువ తిను" అనే మాట. ఆ మాట వెనక ఉన్నది పిసినారితనం కాదు, ఆపరేషన్ భయం. ఆ భయానికే జవాబు చెప్పండి. తిండి తగ్గిస్తే రెండున్నర కిలోల లోపు బిడ్డ పుడుతుంది, తల్లికి కాన్పులో పోయే రక్తాన్ని తట్టుకునే శక్తి ఉండదు. మామూలు బరువున్న మనిషి తొమ్మిది నెలల్లో 10 నుంచి 12 కిలోలు పెరగాలి. సన్నగా ఉన్నవాళ్ళు ఇంకాస్త ఎక్కువ, స్థూలకాయం ఉన్నవాళ్ళు 5 నుంచి 9 కిలోలు. ప్రతి నెలా కార్డులో బరువు రాసి అత్తగారికే చూపించండి.

పొగ గురించి చెప్పకుండా ఈ జిల్లాలో గర్భిణి ఆరోగ్యం గురించి మాట్లాడటం కుదరదు. విశాఖ, శ్రీకాకుళం తీరాన చుట్ట నిప్పును నోటి లోపల పెట్టుకుని పీల్చే అడ్డపొగ అలవాటు ఉంది, అదీ ఎక్కువగా పెద్ద వయసు ఆడవాళ్ళలో. గర్భిణి తను కాల్చకపోయినా ఒకే గదిలో అత్తగారి చుట్టా భర్త సిగరెట్టూ కలిస్తే ఆ పొగ బిడ్డకు చేరుతుంది, బిడ్డ బరువు తగ్గుతుంది. అరవై ఏళ్ళ ఆవిడను ఒక్కరోజులో మానమంటే మానదు. మొదటి మెట్టుగా "ఈ తొమ్మిది నెలలూ, ఆ తర్వాత పసిబిడ్డ ఉన్నన్నాళ్ళూ చుట్ట వీధి అరుగు మీదే" అని ఒప్పించండి. ఆవిడ నోటిని కూడా అప్పుడే చూడమని వైద్యులకు చెప్పండి, అంగిట్లో తెల్ల మచ్చలు, పుళ్ళు ఉంటే ఆలస్యం చేయకూడదు. మానాలనుకున్నవాళ్ళకు 1800 11 2356 ఉచిత ఫోను ఉంది.

కదలిక విషయం త్వరగా చెబుతాను. ఇబ్బంది లేని గర్భిణి వారానికి 150 నిమిషాలు, అంటే ఐదు రోజులు అరగంట చొప్పున, మాట్లాడుతూ నడవగలిగే వేగంతో నడవొచ్చు. మన కొండవాలు బస్తీల్లో ఉన్నవాళ్ళు మెట్లెక్కితే గర్భం పోతుందని భయపడతారు. ఆయాసం లేకుండా, ఆగి ఆగి ఎక్కితే ప్రమాదం లేదు. నీళ్ళ బిందెలు మోస్తూ ఎక్కడం మాత్రం ఇంకొకరు చేయాలి. 28 వారాలు దాటాక పక్కకు తిరిగి పడుకోవాలి.

ఇప్పుడు డబ్బు, సమయం. హార్బర్‌లో చేపల గంప దించి అమ్ముకునే మనిషి ఆసుపత్రికి వస్తే ఆ రోజు బేరం పోయినట్టే. చక్కెర పరీక్షకే రెండు గంటలు కూర్చోవాలి: 75 గ్రాముల గ్లూకోజ్ 300 మిల్లీలీటర్ల నీళ్ళలో కలిపి పది నిమిషాల్లోపు తాగి, రెండు గంటలకు రక్తం ఇవ్వాలి. 140 గానీ ఆపైన గానీ ఉంటే గర్భిణి మధుమేహం. దీనికి పరగడుపున రావాల్సిన పని లేదు. ఈ ఒక్క ముక్క ముందే చెబితే ఎంతమందికి రెండోసారి ప్రయాణం తప్పుతుందో చూడండి. తాగిన అరగంటలోపు వాంతి అయితే మర్నాడు మళ్ళీ చేయాలి. మొదటిసారి వచ్చినప్పుడొకటి, 24 నుంచి 28 వారాల మధ్య ఒకటి, రెండు సార్లు. ఆ రెండు గంటల్లోనే బరువు, బీపీ, మూత్రం, ధనుర్వాతం సూది, మాత్రలు అన్నీ అయిపోయేలా వరస పెట్టుకోండి. ప్రతి నెలా 9వ తేదీన ప్రధానమంత్రి సురక్షిత మాతృత్వ అభియాన్ కింద డాక్టరు చూస్తారు, ఆ తేదీ కార్డు మీద ఎర్ర పెన్నుతో చుట్టి ఇవ్వండి. కనీసం నాలుగు సార్లు చూపించుకోవాలి, అందులో మొదటిది 12 వారాల లోపే.

దుకాణాల్లో, ఫ్యాక్టరీల్లో నిలబడి పనిచేసే అమ్మాయిలు మరుగుదొడ్డికి వెళ్ళనివ్వరని నీళ్ళు తాగడమే మానేస్తారు. మూత్రంలో ఇన్ఫెక్షన్, ఆ తర్వాత నెలలు నిండకుండా నొప్పులు, రెండూ దాన్నుంచే రావచ్చు. "నీళ్ళు బాగా తాగు" అన్నంత మాత్రాన సరిపోదు. "పని దగ్గర దొడ్డి ఉందా, ఎన్ని గంటలకొకసారి వదులుతారు?" అని అడగండి. పదిమంది లేక అంతకు మించి పనిచేసే చోట, కాన్పుకు ముందు ఏడాదిలో 80 రోజులు పనిచేసిన స్త్రీకి మొదటి రెండు కాన్పులకు 26 వారాల జీతంతో కూడిన సెలవు చట్టప్రకారం రావాలి. అందులో 8 వారాలు కాన్పుకు ముందే తీసుకోవచ్చు. ప్రధానమంత్రి మాతృ వందన యోజన కింద మొదటి బిడ్డకు 5,000 రూపాయలు, రెండో బిడ్డ ఆడపిల్ల అయితే 6,000. ఈ డబ్బు ఎక్కడ ఆగుతుందో మీకు తెలుసు: ఆధార్‌లో పుట్టింటి ఇంటిపేరు, బ్యాంకులో అత్తింటి ఇంటిపేరు. నమోదు చేసిన రోజే రెండూ పక్కపక్కన పెట్టి చూడండి.

మనసు సంగతి ఆఖరున చెబుతున్నానంటే చిన్నదని కాదు. రెండు వారాలకు మించి దిగులు, ఏ పనిమీదా ఇష్టం లేకపోవడం, నిద్ర పట్టకపోవడం ఉంటే ఆమె మాత్ర వేసుకోదు, తినదు, రాదు. దాన్ని మనం నిర్లక్ష్యం అని రాసుకుంటాం. బరువు చూసే నెపంతో గదిలోకి ఒంటరిగా తీసుకెళ్ళి "ఇంట్లో ఎవరైనా చెయ్యి చేసుకుంటున్నారా?" అని నెమ్మదిగా అడగండి. భర్త ఎదుట ఈ ప్రశ్న ఎప్పుడూ అడగకండి. మనసు బాగోలేనివాళ్ళకు సాయం చేసే టెలీ మానస్ 14416, మహిళా సహాయం 181, ఈ రెండు నంబర్లూ నోటికి రావాలి మీకు. కాగితం మీద రాసిస్తే ఇంట్లో దొరికిపోవచ్చు.

ఇక చెప్పే తీరు. ఒక్కసారి ఒక్క మార్పే అడగండి. పది చెబితే ఒకటీ మిగలదు. చెప్పాక "అర్థమైందా?" అనకుండా, "ఇంటికెళ్ళి మీ అత్తగారికి ఏమని చెబుతావో నాకు చెప్పు" అనండి. ఆమె నోట తప్పు వస్తే, మీరు చెప్పిన తీరులో లోపముందని తీసుకుని మళ్ళీ చెప్పండి. "మా రోజుల్లో ఈ మాత్రలేటి, ఈ సూదులేటి, మేం కనలేదా" అని పెద్దావిడ అంటే వాదించకండి. "మీ అక్కచెల్లెళ్ళలో కాన్పులో ఇబ్బంది పడ్డవాళ్ళు ఎవరైనా ఉన్నారా పెద్దమ్మా?" అని అడగండి. చాలా ఇళ్ళల్లో ఒకరుంటారు. ఆ తర్వాత ఆవిడే కోడలికి చెబుతుంది.

ఇంతా చేసి మనం జారవిడిచే చోటు ఒకటుంది. సీమంతమయ్యాక అమ్మాయి పుట్టింటికి వెళుతుంది. గాజువాకలో ఏడు నెలలు చూసిన గర్భిణి ఎనిమిదో నెలలో పలాసలోనో, రాజాంలోనో ఉంటుంది. అక్కడి ఏఎన్‌ఎంకి ఈమె ఎవరో తెలియదు, మాత్రల అట్ట ఇక్కడే ఉండిపోయింది, బీపీ పెరగడం మొదలైందని ఎవరికీ తెలియదు. కాబట్టి సీమంతం తేదీ ఆరో నెలలోనే అడిగి రాసుకోండి. బయలుదేరే ముందు రోజు వెళ్ళి తల్లీబిడ్డ రక్షణ కార్డు, స్కానింగ్ కాగితాలు, రక్తం గ్రూపు, ఆధార్, బ్యాంకు పుస్తకం ఒకే సంచిలో పెట్టించండి. రెండు నెలలకు సరిపడా అరవై ఎర్ర మాత్రలు, నూట ఇరవై తెల్ల మాత్రలు లెక్కపెట్టి ఇవ్వండి. ఆమె తల్లికి ఫోను చేసి ప్రమాద గుర్తులు మీ నోటితో చెప్పండి: తగ్గని తలనొప్పి, చూపు మసకబారడం, ముఖం చేతులు వాయడం, రక్తం కనిపించడం, ఉమ్మనీరు పోవడం, ఫిట్స్, జ్వరం, బిడ్డ కదలిక తగ్గడం. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా తెల్లారే దాకా ఆగకుండా 108కి ఫోను చేయాలి. బీపీ 140/90 గానీ అంతకు మించి గానీ ఉన్న గర్భిణిని అలా పంపకూడదు. ముందు కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి)లోనో, ఆడవాళ్ళ ప్రభుత్వాసుపత్రి అయిన ఘోషాసుపత్రిలోనో చూపించి, వాళ్ళు సరేనంటేనే ప్రయాణం. ఆ ఊరి ఏఎన్‌ఎం నంబరు కనుక్కుని, గర్భిణిగా నమోదు చేసినప్పుడు ఈమెకు వచ్చిన ఆర్‌సీహెచ్ నంబరు చెప్పండి. అమ్మాయి చేరిన మూడో రోజు ఫోను చేసి, కొత్త ఏఎన్‌ఎం ఇంటికి వచ్చిందా లేదా అని ఆమె తల్లినే అడగండి.